కరెంటు బాజా జారుడు పాట

క్యాసెట్ ఇవ్వనని జన్నత్ బీ తేల్చి చెప్పింది.

చెప్పింది మహబూబ్‌నగర్ స్టేషన్ రోడ్డు పక్క సందులో, బీరన్న మోటార్ వైండింగ్ షాపులో. 2022 జనవరి. షాపులో రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన, మూలకు కాలిపోయిన బోరు మోటార్లు రెండు. ఉన్నవాళ్లు ముగ్గురు. బీరన్నకు అరవై ఎనిమిది. ఇరవై మూడేళ్లుగా ఆయన పని మోటార్లకు తీగ చుట్టడం. అంతకుముందు పదమూడేళ్లు చేసిన పని వేరు. ఆ చుట్టుపక్కల పెండ్లిళ్లలో సింథసైజర్లు వాయించిన మొదటి పార్టీ ఆయనది. మూడు మిషన్లు, ముగ్గురు మనుషులు. మిగతా ఇద్దరూ పోయారు.

రెండో మనిషి హైదరాబాదు నుంచి వచ్చిన అల్మాస్. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈ ప్రాంతంలో పాత రోజుల్లో కరెంటు వాయిద్యాలు వాయించిన వాళ్ల రికార్డులు వెతికి, బాగు చేసి, ఇంటర్నెట్‌లో పెట్టడం ఆమె మరో పని. మూసేసిన ఫోటో స్టూడియోలో దొరికిన ఆ పార్టీ ఫోటో ఒకటి పట్టుకొని, అడుగుతూ అడుగుతూ ఇక్కడి దాకా వచ్చింది.

మూడో మనిషి జన్నత్ బీ. ఆమె ఆ పార్టీలో ఎన్నడూ లేదు. గాజులు అమ్మేది. అరవై రెండేళ్లు వచ్చాయి. ఆ ముగ్గురి వాయింపు అంటే ఆమెకు పిచ్చి. వాళ్ల వాయింపు ఉన్న క్యాసెట్ ఇప్పుడు లోకంలో ఒక్కటే మిగిలింది. అది ఆమె దగ్గరుంది.

బీరన్న అడిగింది చిన్న విషయమే. ఆ క్యాసెట్‌లో ఏడో నంబరు పాట మధ్యలో ఒకచోట శ్రుతి కిందికి జారిపోతుంది. దాన్ని కంప్యూటర్‌లో సరిచేశాకే జనానికి వినిపించాలి. లేదంటే ఆ పాట తనది కాదు, ఎక్కడా తన పేరు పెట్టొద్దు.

"గిప్పుడు కంప్యూటర్ల సాపు జేస్తరట చెల్లె. సాపు జెయ్యనియ్యి" అన్నాడు.

"నీ ఇంట్ల గచ్చా సాపు జేసేటందుకు" అంది జన్నత్ బీ. "గా జారుడు తీసినంక ఇంకేమున్నది దాంట్ల? నేనియ్య."

పాట ఆయనది, క్యాసెట్ ఆమెది. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ముట్టుకోనని అల్మాస్ చెప్పింది. ఇద్దరూ ఒప్పుకునే రకం కాదని ఆమెకు అరగంటలో అర్థమైంది.

*

బీరన్నది కోయిలకొండ దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. కరువుకు ఊరు ఊరంతా బొంబాయి పోతున్న రోజుల్లో తానూ పోయి, ఇళ్లు కట్టే చోట వైరింగ్ నేర్చుకున్నాడు. ఒక రికార్డింగ్ స్టూడియోను పడగొట్టి కొత్తది కడుతుంటే, పనికిరాదని బయట పారేసిన సింథసైజర్ ఆయన కంటబడింది. మేస్త్రీని అడిగి తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలు రాత్రింబవళ్లు విప్పి, అతికి, దాన్ని మోగించాడు. 1986లో గొంగడిలో చుట్టుకొని, బస్సులో ఒడిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాడు. తర్వాత రెండేళ్లలో అట్లాంటివే ఇంకో రెండు తెచ్చాడు.

ఒకదాని ముందు చోటే మియా కూర్చున్నాడు. బ్యాండ్‌మేళంలో క్లారినెట్ ఊదేవాడు, అది మానేసి వచ్చాడు. ఇంకోదాని ముందు వెంకటేష్, భజనల్లో హార్మోనియం వాయించినవాడు. డోలు లేదు, సన్నాయి లేదు, పాడే గొంతు లేదు. సినిమా పాట వాయించమంటే బీరన్న వాయించేవాడు కాదు. దానికి రేడియో ఉంది కదా అనేవాడు. సొంతంగా కట్టిన పాటలు పద్నాలుగు. వాటికి పేర్లు లేవు, నంబర్లే.

మొదట్లో జనం వెక్కిరించారు. పెండ్లికి పిలిస్తే పిండిమర తెచ్చిండ్రని ఒక పెద్దమనిషి పందిట్లో లేచి అరిచాడు. ముసలమ్మలు వచ్చి, వెచ్చగా ఉన్న మిషన్ మీద చెయ్యి పెట్టి, లోపల పొయ్యి ఉందా అని అడిగేవారు. కొందరు వెనక్కి పోయి, ఊదేవాడు ఎక్కడ దాక్కున్నాడో చూసేవారు. అప్పుడు పడ్డ పేరు కరెంటు బాజా. వెక్కిరింపుగానే పడింది. బీరన్న ఆ పేరునే రేకు మీద రాయించి మిషన్ ముందర వేలాడదీశాడు.

జన్నత్ బీ ఆ బాజాను మొదటిసారి భూత్పూర్‌లో విన్నది. అప్పటికి అత్తగారి దగ్గర పని నేర్చుకొని, గాజుల మలారం వీపున వేసుకొని ఒక్కతే ఊళ్లు తిరుగుతోంది. పెండ్లికి ముందటి రోజు పెండ్లిపిల్లకు, ఇంటి ఆడవాళ్లకు గాజులు వేయడానికి పోయింది. బయట పందిట్లో ముగ్గురూ మిషన్లు సర్దుకొని, రేపటి కోసం వాయించుకుంటున్నారు. పని అయ్యాక చూసుకుంటే పెండ్లిపిల్ల కుడి చేతికి ఇరవై ఒకటి, ఎడమ చేతికి ఇరవై మూడు ఉన్నాయి. లెక్క తప్పడం ఆమెకు అదే మొదలు, అదే చివర. అత్తగారితో ఆ సంగతి చెప్పలేదు.

ఆనాటి నుంచి ఎవరింట్లో పెండ్లి కుదిరిందని తెలిసినా, గాజులు అడిగేకంటే ముందు బాజా ఎవరిది అని అడిగేది. ఇంకా మాట్లాడలేదంటే పట్టుబట్టి కరెంటు బాజా పేరు చెప్పేది. బ్యాండ్‌మేళం వాళ్లు ఒకసారి ఆమెను జడ్చర్లలో ఆపి, మా బతుకుల మీద కొట్టడానికి నీకేమిస్తుండ్రని నిలదీశారు. వాళ్లు ఆమెకేమీ ఇచ్చేవాళ్లు కారు. ఆమె ఎవరో కూడా చాలాకాలం బీరన్నకు తెలియదు.

ఇక ఆ జారుడు సంగతి.

ఆ రోజుల్లో పొలం మోటార్లకు కావలసిన త్రీఫేజ్ కరెంటు రోజంతా ఉండేది కాదు. గంటల లెక్కన వచ్చేది. ఆ పల్లెల్లో పెండ్లిళ్లు ఎండాకాలంలో జోరు. పొద్దున కాసేపు ఇచ్చి తీసేసి, మళ్లీ మధ్యాహ్నం రెండింటికి ఇచ్చేవారు. రెండయిందంటే రైతులందరూ స్టార్టర్ డబ్బాల దగ్గర కాచుకొని కూర్చునేవారు. కరెంటు రాగానే ఊరిలోని మోటార్లన్నీ ఒక్కసారి కరెంటును పట్టుకొని లాగేవి. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగేది, ఇళ్లలో బల్బులు ఎర్రబడేవి. బీరన్న మిషన్లకు అందే కరెంటూ అట్లాగే పడిపోయేది. అవి పాతకాలపు మిషన్లు. కరెంటు తగ్గితే శ్రుతి తగ్గుతుంది. మూడూ కలిసి, మెల్లగా, కొండ దిగే బండిలా కిందికి జారేవి. కాసేపటికి సగం మోటార్లు తట్టుకోలేక ఆగిపోతే కరెంటు కోలుకునేది. మూడూ మళ్లీ పైకి ఎక్కేవి.

భోజనాలు ముగించి ఒంటిగంటకు మొదలుపెడితే ఒకటో నంబరు నుంచి వరసగా వాయించుకుంటూ రెండు గంటలప్పటికి ఏడో నంబరుకు వచ్చేవారు. ఆ పాట మెట్టు మెట్టుగా పైకి పోయి, చివరి మెట్టు మీద నిలబడుతుంది. ఎక్కువసార్లు సరిగ్గా అక్కడే కరెంటు పడిపోయేది. బీరన్న పళ్లు కొరికేవాడు. వింటున్న వాళ్లకు మాత్రం అది పాటలో ఉన్నదే అనిపించింది. పైకి అంత కష్టపడి ఎక్కింది, అట్లా ఒళ్లు వదిలేసి జారడానికే అనుకున్నారు. జారుడు పాట అని దానికి పేరు పెట్టుకున్నారు. పిల్లలు బడికి పోతూ ఆ జారుడును నోటితో తీసేవారు.

జన్నత్ బీకి అది పనిలోకి వచ్చింది.

పెండ్లిపిల్లకు గాజు వేయడం తేలిక కాదు. చేతికి సరిపడేకన్నా ఒక సైజు తక్కువ గాజు తొడిగితేనే అందం. ఎముకల మీదుగా దాన్ని ఎక్కించాలి. ఆడపిల్ల నొప్పికి చెయ్యి బిగబడుతుంది. బిగబట్టినప్పుడు నెట్టితే గాజు చిట్లుతుంది. పెండ్లిపిల్ల చేతిలో చిట్లితే ఆ మాట పైకి కూడా అనరు, పెరిగింది అంటారు, ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకుంటారు. పందిట్లోంచి ఆ పాట వచ్చినప్పుడు జన్నత్ బీ ఒక సంగతి గమనించింది. పైకి ఎక్కుతున్నంతసేపూ పిల్ల చెయ్యి బిగిసి ఉండి, జారినప్పుడు తెలియకుండానే వదులవుతోంది. ఆ క్షణంలో నెడితే గాజు నూనె రాసినట్టు ఎక్కేస్తోంది.

అప్పటి నుంచి బాజా ఉన్నా లేకున్నా పని మొదలుపెట్టగానే ఆ పాటను తానే కూనిరాగం తీసేది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లూ కలిసేవారు. జారుడు దగ్గర గాజు ఎక్కేది. ఎన్ని ఊళ్లు, ఎన్ని చేతులు. ముప్పై ఏళ్లు ఆమె వృత్తి ఆ తప్పు మీదే నడిచింది.

క్యాసెట్ 1993 నాటిది. దేవరకద్రలో గోవిందమ్మ అనే పిల్ల పెండ్లి. గాజులు వేస్తున్న గదిలో ఆ ఇంటివాళ్ల టేప్‌రికార్డర్ ఉంటే, జన్నత్ బీ వాళ్లను బతిమాలి కిటికీలో పెట్టి నొక్కించింది. అందుకే దాంట్లో బాజాతో పాటు గాజుల చప్పుడు ఉంది, గోవిందమ్మ ఏడుపు ఉంది, చెయ్యి వదులు బిడ్డా అని జన్నత్ బీ గొంతు ఉంది. దాన్నుంచి కాపీలు ఎన్నో పోయాయి. దర్జీ షాపుల్లో, ఆటోల్లో, ఒకటైతే మోత్కూర్‌లో హోటల్‌లో కూడా మోగింది. కాపీలన్నీ అరిగి, చిక్కుపడి, పోయాయి.

బాజా ఎట్లా ఆగిపోయిందో అందరికీ తెలుసు. 1999లో ఒక పెద్ద ఆఫీసరు ఇంటి పెండ్లి. వరుడు దిగుతుండగా కరెంటు పడిపోయింది. వచ్చిన అతిథుల్లో సంగీతం తెలిసిన ఒకాయన మైకు అందుకొని, ముందు శ్రుతి నేర్చుకొని తర్వాత పెండ్లిళ్లు ఒప్పుకోండి అన్నాడు. వెయ్యి మంది నవ్వారు. వారం తిరగకుండా బీరన్న మిషన్లకు గొంగడి కప్పేశాడు. చోటే మియా మళ్లీ క్లారినెట్ పట్టుకొని, 2008లో పోయాడు. వెంకటేష్‌ను కరోనా తీసుకుపోయింది. బీరన్న మాత్రం లో వోల్టేజీకి కాలిన మోటార్లు బాగుచేసుకుంటూ, తన పాటను పాడుచేసిన కరెంటు పెట్టే తిండే తిన్నాడు.

2018 నుంచి పొలాలకు ఇరవై నాలుగు గంటలూ కరెంటు వస్తోంది. వోల్టేజీ నిలకడగా ఉంది. షాపుకు వచ్చే మోటార్లు సగానికి తగ్గాయి. ఖాళీగా కూర్చొని ఏం చేస్తానని బీరన్న గొంగడి తీశాడు. మూడు మిషన్లలో ఒకటి బాగైంది. ఏడో నంబరును, తాను కట్టింది కట్టినట్టుగా, చివరి మెట్టు మీద జారకుండా నిలబెట్టి, జీవితంలో మొదటిసారి విన్నాడు.

ఆయన పట్టుదలకు కారణం అది. నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే దక్కించుకోవాలని ఉంది.

*

అల్మాస్ మూడుసార్లు హైదరాబాదు నుంచి వచ్చి పోయింది. మూడోసారి వచ్చినప్పుడు జన్నత్ బీయే దారి చూపింది.

"వచ్చే ఆదివారం కాదు, ఆ మీదొచ్చే ఆదివారం వాయించు" అంది బీరన్నతో. "నీ మిషిన్‌తోని, నీకెట్ల కావాల్నో గట్ల. వినేటోళ్లను నేను తెస్త. విన్నంక వాళ్లు సాపే మంచిగున్నదంటే క్యాసెట్ నీ చేతిల పెడత. కాలవెట్టుకుంటవో, కంప్యూటర్ల ఏసుకుంటవో."

"నీ మందిని నువ్వు తెచ్చి, ఏమనాల్నో నువ్వే నేర్పిస్తవు."

"ఏం నేర్పియ్య. రమ్మంటనంతే. ఖురాన్ మీద చెయ్యి వెడత."

బీరన్న ఒప్పుకున్నాడు.

చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు. జన్నత్ బీకి ఊళ్లు తెలుసు, ఇళ్లు తెలుసు, పేర్లు సగం మరిచిపోయింది. చేతులు మరిచిపోలేదు. ఎవరిది రెండూనాలుగు సైజు, ఎవరిది రెండూఆరు, ఎవరికి బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొని ఉంటుంది, ఇవన్నీ వేళ్లకే గుర్తున్నాయి. బస్సెక్కి కోయిలకొండ పోయింది. దేవరకద్ర, భూత్పూర్, జడ్చర్ల తిరిగింది. మోకాళ్ల నొప్పికి ఆటోలు ఎక్కింది. ఇంటి ముందు నిలబడి పేరు తట్టకపోతే, నీ చెయ్యి చూపించు అనేది. పట్టుకొని చూసి, నీకు పచ్చ గాజులేసిన, మీ నాయిన మొండిపట్టు మీద ఎర్రయి గూడ ఏసిన అని చెప్పేది.

కోడలు హఫ్సా ఊరుకోలేదు. క్లాక్ టవర్ దగ్గర గాజుల షాపు ఇప్పుడు ఆమె చూసుకుంటుంది. ఆ షాపులో గాజు గాజులు ఒక అరకే పరిమితం, మిగతావన్నీ లోహపు సెట్లు. వాటికి చెయ్యి పిండాల్సిన పని లేదు. ఈ వయసులో బాజా కోసం ఊళ్లు పట్టి తిరుగుతారా, జనం ఏమనుకుంటారని అడిగింది. ఇరవై ఎనిమిదేళ్లప్పుడే అనుకున్నరు, అప్పుడు లెక్కచెయ్యలే, ఇప్పుడు చేస్తనా అని జన్నత్ బీ చెప్పులేసుకొని పోయింది.

గోవిందమ్మ మొదట రానంది. నలభై తొమ్మిదేళ్లు, దేవరకద్రలో కుట్టుమిషన్ మీద బతుకుతుంది. పెద్దమనిషి వాయిస్తానంటే పోయి మేము తప్పొప్పులు చెప్పేదేంది, మాకేం తెలుసని అంది. "చెప్పకు. కూసోని విను, బస్సెక్కు" అని జన్నత్ బీ ఆమె రెండో మాటకు ఆగకుండా వచ్చేసింది.

*

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు స్టేషన్ దగ్గరి చిన్న ఫంక్షన్ హాల్‌లో అరవై ముగ్గురు ఆడవాళ్లు, పదిమంది మగవాళ్లు కూర్చున్నారు. చాలామంది బస్సు దిగి నేరుగా వచ్చారు. సంచులు కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. అల్మాస్ రికార్డు చేసే మైకులు రెండు నిలబెట్టింది. బీరన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని, మిషన్ వెనక స్టెబిలైజర్ పెట్టి, దాని ముల్లు రెండు వందల ముప్పై దగ్గర కదలకుండా ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. ఆ తర్వాత మైకు పట్టుకొని, మీరు ఇన్నాళ్లూ విన్నది పాడైన పాట, ఇవ్వాళ అసలుది వినండని చెప్పాడు. జన్నత్ బీ చివరి వరస చివర, పక్క గోడకు ఆనుకొని కూర్చుంది.

వాయించడం మొదలుపెట్టాడు. చెయ్యి ఏమీ తగ్గలేదు. మొదటి మెట్టు, రెండో మెట్టు. హాలులో గుసగుసలు ఆగాయి. మూడో మెట్టు దగ్గర మధ్య వరసల్లో ఎవరో కూనిరాగం ఎత్తుకున్నారు. తర్వాత మెట్టుకు ఇరవై మంది కలిశారు. బీరన్న తల ఎత్తి చూసి, సంతోషంగానే మళ్లీ వంచుకున్నాడు. పాట పైకి పోయి చివరి మెట్టు మీద నిలబడింది.

మిషన్ నిలబడింది. హాలు నిలబడలేదు.

అరవై మంది గొంతులు ఒక్కటై, తొందర లేకుండా, కిందికి జారాయి. మిషన్ స్వరం పైన తాడుకు వేలాడుతున్నట్టు ఉండిపోయింది. ఆ రెండూ రాసుకొని చెవులు గింగిర్లెత్తాయి. బీరన్న ఆపేశాడు.

"తప్పు పాడుతున్నరు. మిషిన్ వినుండ్రి" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సౌండ్ పెంచాడు. ఆడవాళ్లు తప్పు చేసిన పిల్లల్లా కాసేపు నోరు మూసుకున్నారు. నాలుగో మెట్టు దాకా ఆగగలిగారు. అక్కడి నుంచి మొదట గోవిందమ్మ, వెనక అందరూ. పైన మిషన్ ఎంత గట్టిగా నిలబెట్టినా వాళ్లు మళ్లీ జారిపోయారు. జన్నత్ బీ వెనక నుంచి వాళ్ల గొంతులు వినడం లేదు, చేతులు చూస్తోంది. ఒళ్లో పెట్టుకున్న చేతులు వరస వరసంతా మణికట్టు దగ్గర వదులై, వేళ్లు దగ్గరకు ముడుచుకుంటున్నాయి. ఆమె నోరు విప్పలేదు. మాట ఇచ్చింది కదా.

బీరన్న చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న గోవిందమ్మను అడిగాడు.

"ఏమమ్మా, నేను వాయించింది నీకు వినవడలేదా?"

"వినవడ్డదే. మంచిగనే ఉన్నది."

"మరి?"

"మరి జారాలె గదా."

"ఎందుకు జారాలె?"

గోవిందమ్మ పక్కవాళ్లను చూసింది. ఇంత చిన్న సంగతి ఈయనకు తెలియదా అన్నట్టు చూసింది.

"జారకుంటే గాజెక్కదు" అంది.

హాలంతా నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు, అవునని ఒప్పుకునే నవ్వు. బీరన్నకు ఆ మాట అర్థం కాలేదు. ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. కోయిలకొండ ఆమె తన పెండ్లి చెప్పింది. భూత్పూర్ ఆమె తన బిడ్డ పెండ్లి చెప్పింది, అప్పటికి బాజా ఆగిపోయి ఆరేళ్లయినా పాట మాత్రం ఇంట్లో అందరం పాడుకున్నామంది. ఇంకొకామె తన మనవరాలిని ఈ పాటతోనే ఉయ్యాల్లో పండబెడుతున్నానంది. తన పాట తన వెనక ఇట్లా ఇళ్లలోకి పోయి, పడకల దాకా పోయి, పనిచేస్తూ బతుకుతోందని బీరన్నకు ఆ పూట దాకా ఎవరూ చెప్పలేదు. ఆయన ఇన్నేళ్లూ విన్నది ఒక్క మైకు మాటే.

అయినా అంత తేలికగా వదల్లేదు.

"గది నేను కట్టింది కాదమ్మా. మోటార్లు పట్టుకొని కరెంటు పడిపోయేది. కరెంటు జేసిన తప్పది."

జన్నత్ బీ అప్పుడు లేచింది.

"తప్పు ఎవలిదని ఎవలడిగిండ్రు బీరన్నా? నిన్ను మైకులో అన్నోడు ఒక్కడు. వాని మాట ఇరవై మూడేండ్లు మోసినవు. గీళ్లు నీ పాటను ముప్పై ఏండ్లు మోసిండ్రు. వాడు మళ్ల రాడు. గీళ్లు బస్సెక్కొచ్చిండ్రు. ఎవలికి వాయిస్తవో వాయించు."

"సుతి పోయిందంటరు, మళ్ల."

"అననియ్యి. మన కరెంటు, మన మోటార్లు, మన గాజులు. మా పాట గిట్లనే ఉంటదని చెప్తం. సాపుగ కావాల్నంటే వేరేది వినుమను."

బీరన్న స్టెబిలైజర్ వైపు చూశాడు. ముల్లు అక్కడే ఉంది. మిషన్ ముందుకు జరిగి మూడోసారి మొదలుపెట్టాడు. హాలు ఈసారి మొదటి మెట్టు నుంచే వెంట వచ్చింది. చివరి మెట్టు దగ్గర ఆయన రెండు చేతులూ పైకి తీసేశాడు. మిషన్ ఊరుకుంది. ఆడవాళ్లు మాత్రమే జారారు, కింది దాకా జారారు, అక్కడ ఊపిరి తీసుకొని మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. అక్కడ ఆయన కలవాలి. కరెంటు తనంతట తాను కోలుకునేది కాబట్టి ఆ చోట కలవడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. ఒక్క క్షణం ముందే పడ్డాడు. పాట చిందరవందర అయింది.

"ఆగుండ్రి. మళ్ల మొదాట్నుంచి" అన్నాడు.

ఈసారి ఆలస్యంగా కలిశాడు. ఆ తర్వాతిసారి దాదాపు సరిపోయిందని ఆడవాళ్లు అన్నారు, ఆయన కాదన్నాడు. పై మెట్టు మీద ఎంతసేపు ఆగుతారని అడిగాడు. ఆగరని, చెయ్యి ఎప్పుడు వదులైతే అప్పుడేనని గోవిందమ్మ చెప్పింది. అయితే చేతులు కనిపించేట్టు పెట్టండని, ముందు వరసను ఇంకా ముందుకు జరగమన్నాడు. కుర్చీలు ఈడ్చుకుంటూ జరిగారు. ఒంటిగంట దాటింది. అన్నాలు తెచ్చుకున్నవాళ్ల సంచులు అట్లాగే ఉన్నాయి.

అల్మాస్ దగ్గరికి వచ్చి, క్యాసెట్ సంగతి ఏం చేద్దాం సార్ అని మెల్లగా అడిగింది. బీరన్న తల ఎత్తలేదు. కుడి చేత్తో కింది మెట్టును వెతుక్కుంటున్నాడు.

"ఎట్లున్నదో గట్లనే పెట్టు బిడ్డా. నా పేరు, వాళ్లిద్దరి పేర్లు రాయి. నాకు గిక్కడ పనున్నది" అన్నాడు.

జన్నత్ బీ సంచిలోంచి క్యాసెట్ తీసింది. పాత ఓణీ ముక్కలో చుట్టి ఉంది. అల్మాస్ చేతిలో పెడుతూ, శుక్రవారం లోపల తెచ్చివ్వాలని, పోస్టులో పంపిస్తే తీసుకోనని ఉర్దూలో గట్టిగా చెప్పింది. తర్వాత తన కుర్చీ తానే పట్టుకొని ముందు వరసలో గోవిందమ్మ పక్కన వేసుకొని కూర్చుంది.